అటక మీద బూట్లు

హైదరాబాదు,
ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఈపాటికి నన్ను పనసపొట్టు లెవెల్లో తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. ఫోన్లో చెప్దామంటే నువ్వు "ఆ, ఆ" అని మూడు నిమిషాల్లో పెట్టేస్తావు. కాగితం మీదుంటే చెల్లెమ్మయినా చదివి నీకు గడ్డి పెడుతుందని రాస్తున్నా. మీ చిన్నా రాత్రి గౌతమికి కాకినాడ వస్తున్నాడు కదా, అతని చేతికే ఇస్తా.

కబుర్లు త్వరగా కానిచ్చేస్తా. అమ్మ మోకాలు అలాగే ఉంది. పెద్దదానికి కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది. మేడ మీద కారడం ఆగలేదు, మేస్త్రీ ఫోనెత్తడం లేదు. అంతే.

ఇంక అసలు సంగతి. ఎవరెస్టు బేస్ క్యాంపు నడకకని నువ్వు రాసిన సామాన్ల జాబితా అంతా చదువుకుంటూ, నవ్వుకుంటూ వస్తున్నానా, చివర్లో "బూట్లకి ఖర్చు లేదులే, 2016లో కొన్నవి అటక మీద ఉన్నాయి, ఒక్కసారే వేశా, ఇప్పటికీ మెరుస్తున్నాయి" అని ఉంది. అప్పట్నుంచీ నాకు స్థిమితం లేదు. ఒరేయ్, ఆ బూట్లతో నడక మొదలయ్యే ఆ లుక్లాలో విమానం దిగకు. చేతులు జోడించి చెప్తున్నా.

"వాడందే ఎలా పాడవుతాయిరా, కొత్తవే కదా" అంటావు. గొడవంతా అక్కడే. వాడలేదు కాబట్టే ఎక్కువ పాడయ్యుంటాయి. బూటు అడుగున నేలకి తగిలే నల్ల రబ్బరు ఉంటుంది. దానికీ పైన తోలుకీ మధ్య మెత్తటి పొర ఒకటి, మిడ్‌సోల్ అంటారు. నీ కాలం నాటి ట్రెక్కింగ్ బూట్లలో అది చాలావరకు పాలీయురిథేన్. రాళ్ళ మీద దెబ్బలన్నీ అదే ఓర్చుకుంటుంది. మంచి సరుకే గానీ దానికో జబ్బుంది. గాల్లో తేమ నెమ్మదిగా లోపలికి చేరి, దాని అణువుల గొలుసుల్ని తెంపుతూ పోతుంది. జలవిశ్లేషణ అని ఇంటర్ కెమిస్ట్రీలో చదివాం చూడు, నువ్వు పక్కవాడి రికార్డు కాపీ కొట్టిన ప్రయోగం. అదే. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా జరుగుతుంది. సముద్రపు గాలి, ఏప్రిల్లో అటక మీద ఉక్క, పైగా పిన్నిగారు శుభ్రంగా పాలిథిన్ కవరు చుట్టి మూతి కట్టి ఉంటారు. ఆ తేమని లోపలే బంధించినట్టు. ఆ జబ్బుకి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. రోజూ వేసుకుని నడిచే బూట్లలో అయితే అడుగడుక్కీ ఆ పొర నొక్కుకుంటూ, లేస్తూ లోపలి తేమని కొంత బయటికి తోసేస్తుంది. ఊరికే కూర్చున్నవాటికి ఆ అదృష్టం లేదు.

పైకి ఏమీ తెలియదు, అదీ దీని పాడు గుణం. తోలు మెరుస్తుంది, లేసులు గట్టిగానే ఉంటాయి, అడుగు గాళ్ళు ఒక్కటీ అరగవు. ఇంట్లో వేసుకుని అటూ ఇటూ తిరిగితే ఏమీ కాదు. కొండ మీద కొన్ని గంటలు నడిచాక, ముఖ్యంగా దిగుడులో బరువంతా పడినప్పుడు, మడమ దగ్గర చిన్న నోరు తెరుస్తుంది. సాయంత్రానికి అడుగు రబ్బరు మొత్తం ఊడి మొసలి దవడలా టపటపా కొట్టుకుంటుంది. లోపల చూస్తే ఎండిపోయిన కొబ్బరుండలా పొడి రాలుతూ ఉంటుంది. ఒకటి పోయిందంటే రెండోదీ ఒకటి రెండు రోజుల్లోనే. ఇద్దరూ కలిసే పుట్టారు, కలిసే ముసలివాళ్ళయ్యారు.

పరీక్ష చెప్తా, ఇవాళే చెయ్యి. అటక మీంచి దించి, తుడిచి, వెలుతురులోకి తీసుకెళ్ళు. రబ్బరు అడుగుకి సరిగ్గా పైన ఉండే పొర మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కు. బాగుంటే నొక్కు పడి మళ్ళీ పైకి లేస్తుంది. గోరు గుర్తు అలాగే ఉండిపోయినా, బంకగా తగిలినా, పెళుసుగా విరిగి పొడి అంటినా అయిపోయినట్టే. తర్వాత ముందు భాగాన్ని రెండు చేతులతో గట్టిగా వంచి చూడు. పక్కల సన్నటి గీతలు, ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు కనిపిస్తే దణ్ణం పెట్టెయ్. ఒక చిక్కు. కొన్ని బూట్లకి చుట్టూ ఎత్తుగా రబ్బరు పట్టీ వేస్తారు, దాని వెనక ఈ పొర అసలు కనిపించదు. నీవి అలాంటివేనని నాకు గుర్తు. అలాగైతే పరీక్ష కూడా అక్కర్లేదు, వయసే సాక్ష్యం.

"మన మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన సొల్యూషన్ పూసి అతికిస్తాడు" అని నువ్వనబోయే మాట నాకిక్కడికే వినిపిస్తోంది. గమ్ముది తప్పు కాదురా, అది పట్టుకోవడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా. ఇసక మీద పెయింటు వేస్తే నిలుస్తుందా? చుట్టూ కుట్టించినా దారం ఆ పొడిని కోసుకుంటూ పోతుంది. కొన్ని కంపెనీలు పాత పొరంతా తీసేసి కొత్త అడుగు వేసిస్తాయి గానీ, దానికి పట్టే రోజులు, అయ్యే ఖర్చు చూస్తే నీకు కుదరదు.

అక్టోబరులో వెళ్తున్నావు. లుక్లా 2,860 మీటర్లు, బేస్ క్యాంపు 5,364. రానూపోనూ సుమారు 130 కిలోమీటర్లు, అంతా రాళ్ళూ మెట్లూ. మధ్యలో బూటు పోతే దారిలో నామ్చే బజార్ అనే ఊళ్ళో కొత్తవి దొరుకుతాయి, నిజమే. కానీ నీ సైజు ఉండాలి, ఉన్నా నీ కాలికి అలవాటు లేని బూటుతో 3,440 మీటర్ల దగ్గర మొదలుపెట్టాలి. నామ్చే దాటాక పోతే నైలాను తాడుతో చుట్టూ బిగించి కట్టి కుంటడమే. అందుకని ఎలాగూ సంచిలో నాలుగు మీటర్ల సన్నతాడు, బాటిల్‌కి చుట్టిన డక్ట్ టేపు ఉంచుకో, ఎవరి బూటుకైనా పనికొస్తాయి.

సరే, కొత్తవి కొనాలి. ఇప్పుడే, ఈ వారమే. ఎందుకంటే కాలికి అలవాటు పడ్డానికి నెల, నెలన్నర కావాలి.

కొట్టుకి పొద్దున్న వెళ్ళకు, సాయంత్రం వెళ్ళు. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, కొండ మీద ఇంకా ఉబ్బుతుంది. చిన్నా చేత పంపుతున్న మందపు ఉన్ని సాక్సు వేసుకునే బూటు ప్రయత్నించు, కొట్టువాడిచ్చే పల్చటి మేజోడుతో కాదు. ముందు లేసులు కట్టకుండా పాదాన్ని వేళ్ళు తగిలేదాకా ముందుకి తొయ్యి, మడమ వెనక ఒక వేలు దూరాలి. వేలు దూరకపోతే చిన్నది, రెండు వేళ్ళు దూరితే పెద్దది. చాలామందికి రోజువారీ సైజు కంటే అరసైజు, ఒక్కోసారి ఒక సైజు ఎక్కువ పడుతుంది. నంబరు చూసి మురిసిపోకు, ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కోలా ఉంటుంది. తర్వాత మడమని వెనక్కి నొక్కి లేసు బిగించి మెట్లెక్కు. మడమ లోపల పైకీ కిందకీ లేస్తోందంటే బొబ్బలు ఖాయం. ఇప్పుడు దిగు, లేదా వాలు పలక ఉంటే దాని మీద కిందకి తిరిగి నిలబడి కాలితో తాటించు. వేళ్ళు ముందుకి వెళ్ళి తగిలాయా, ఆ జత వద్దు. ఎక్కేటప్పుడు ఏ బూటైనా మంచిదేరా, దాని గుణం దిగేటప్పుడే తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో నామ్చే కింద ఆ దిగుడులో గోళ్ళు నల్లబడి ఊడేది ఇందుకే. వెళ్ళే రెండ్రోజుల ముందు కాలిగోళ్ళు పొట్టిగా, అడ్డంగా కత్తిరించుకో.

ఇంకోటి. తగ్గింపు ధరల్లో పాత సరుకు అమ్ముతారు చూడు, అక్కడా ఇదే ప్రమాదం. పెట్టెలోనే ఐదారేళ్ళు కూర్చున్న బూటు కొత్తది కాదు. నాలుక లోపలి చీటీ మీద కొన్నిటికి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అద్దాలు పెట్టుకుని చూడు.

చీలమండ కప్పేంత ఎత్తు, నీళ్ళు ఆపే లోపొర, గాళ్ళు లోతుగా ఉన్న అడుగు, ఇవి చాలు. పూర్తి తోలుతో ఇటుకల్లా బరువుండేవి నీకు అక్కర్లేదు, అక్టోబరులో ఆ దారికి క్రాంపాన్లూ (మంచు మీద జారకుండా బూటుకి బిగించే ఇనుప ముళ్ళు) అక్కర్లేదు. "పదమూడేళ్ళ పూర్ణ ఎవరెస్టే ఎక్కింది" అని రాశావు కదా. ఎక్కింది, 2014 మే 25న, మరో తెలుగు కుర్రాడు ఆనంద్‌తో కలిసి, టిబెట్ వైపు నుంచి. కానీ దానికి ముందు భువనగిరి రాతి మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో ఎంత సాధన! పైగా శిఖరానికి వేసుకునే బూట్లు వేరే జాతి. లోపలొక మెత్తటి బూటు, బయటొక గట్టి బూటు. వాటితో నీ దారి నడిస్తే నాలుగో రోజుకి మోకాళ్ళు పోతాయి. ఫొటోలు చూసి కొనకు.

అలవాటు చెయ్యడం ఇలా. మొదటి వారం ఇంట్లో గంటన్నర, రెండో వారం బీచి రోడ్డు, మూడో వారం నుంచి వీపున ఆరేడు కిలోల సంచితో వాలు మీద. కాకినాడలో వాలు ఎక్కడుందిరా అంటావు. ఫ్లైఓవరు ఉంది, అపార్ట్‌మెంటు మెట్లున్నాయి, అన్నవరం ఉంది. మెట్ల దారిలో బూట్లతో కాదు నాయనా, ఘాట్ రోడ్డు మీద! మెట్ల మీద నువ్వు అన్న మాట స్వామివారింకా మర్చిపోయి ఉండరు. ఎక్కడైనా వెచ్చగా, మంటగా రాసుకుంటున్నట్టు అనిపిస్తే వెంటనే ఆగి టేపు వెయ్యి. "ఆ మలుపు దాటాక చూద్దాం" అనుకున్నావో, అక్కడికి బొబ్బ తయారవుతుంది. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తేనే బొబ్బ, ఒక్కదాన్ని తప్పించినా చాలు. మధ్యాహ్నం భోజనం దగ్గర బూట్లిప్పి సాక్సు మార్చు, తడివి సంచి వెనక తగిలించు.

విమానంలో బూట్లు కాలికే ఉండాలి. కాఠ్మాండూ దాకా కూడా. సంచి తప్పిపోతే జాకెట్టు అద్దెకి దొరుకుతుంది, కాలికి కుదిరిన బూటు దొరకదు. లుక్లా చిన్న విమానంలో చేతి సంచితో కలిపి 15 కిలోలే, బరువు కలిసొస్తుంది కూడా. రద్దీ రోజుల్లో ఆ విమానం కాఠ్మాండూ నుంచి కాక రామేఛాప్ నుంచి వెళ్తుంది, అర్ధరాత్రి బయల్దేరి నాలుగైదు గంటలు రోడ్డు మీద పోవాలి. ఆ బండిలో చలికి ఫ్లీసు, అదే ఆ మెత్తటి వెచ్చటి చొక్కా, పైనే ఉంచుకో.

అయ్యో, బూట్లతోనే మూడు కాగితాలు! మిగతా జాబితా గబగబా చెప్పేస్తా.

కాటన్ బనియన్లు ఆరు అని రాశావు, సున్నా చెయ్యి. జీన్సు కొట్టెయ్. నూలు చెమటని పీల్చుకుని వదలదు, ఆగి కూర్చోగానే తడిగుడ్డ కట్టుకున్నట్టే. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. జిమ్ముకి వేసుకునే పాలిస్టర్ టీషర్టులు మూడు చాలు, చెయ్యి పొడుగువైతే ఎండకీ మంచిది. వాసనొస్తాయి, రానీ, అక్కడ అందరూ అంతే. థర్మల్స్ ఒక్క జత, పడుకునేటప్పుడు మాత్రమే, వాటిని నడకలో చెమటపట్టనియ్యకు. వాటి మీద ఫ్లీసు, దాని మీద వాన, గాలి ఆపే పల్చటి జాకెట్టు. చంకల కింద జిప్పు ఉన్నది చూసుకో, లోపలి ఆవిరి పోవడానికి.

నువ్వు కొన్న ఆ లావు జాకెట్టు, దిండులాంటిది, బాగుంది, ఉంచు. కానీ అది ఆగినప్పుడు వేసుకునేది. అది వేసుకుని ఎక్కావంటే పది నిమిషాల్లో లోపల చెమట, ఈకలు తడిస్తే ముద్దకట్టి వేడి నిలవదు. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేస్తూ ఉండాలి, పావుగంటలో సర్దుకుంటుంది. "800 ఫిల్" అని కొట్టువాడు ఊదరగొట్టాడన్నావు. ఆ అంకె ఈకల నాణ్యతకే. ఎన్ని గ్రాములు నింపాడో కూడా అడగాలి. మంచి ఈకలు చారెడు నింపితే ఏం లాభం?

పడకసంచి కొనకు, కాఠ్మాండూ తమేల్‌లో అద్దెకి తీసుకో. అక్కడ తొందరపడకు. సంచిలోంచి తీసి దులిపి పది నిమిషాలు పరిచి ఉంచు. బాగా పొంగిందా లేదా చూడు. అరచేత్తో ఒక్కో గది తడిమితే ఈకలు పక్కకి జారిపోయి ఖాళీగా ఉన్నవి తెలుస్తాయి. చీటీ మీద మూడు ఉష్ణోగ్రతలుంటాయి. కంఫర్ట్ అన్నదే నీ లెక్క. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం పోకుండా ఉండే హద్దు, నిద్రపోయే హద్దు కాదు. బేస్ క్యాంపుకి ముందు ఆఖరి మజిలీ గోరక్‌షెప్‌లో, 5,164 మీటర్ల దగ్గర, రాత్రి సున్నాకి బాగా కిందకి పోతుంది, గదుల్లో పొయ్యి ఉండదు, భోజనాల హాల్లోనే. లోపల పరుచుకోవడానికి నీ దుప్పటి ఒకటి కుట్టించుకో, అద్దె సంచిలో ఎవరెవరు పడుకున్నారో! వెడల్పు మూతి బాటిల్లో వేణ్ణీళ్ళు పోయించుకుని, మూత రెండుసార్లు చూసుకుని కాళ్ళ దగ్గర పెట్టుకో. ఫోను, టార్చి బ్యాటరీలు కూడా నీతోపాటే దుప్పట్లో, చలికి ఛార్జి దిగిపోతుంది. నీళ్ళ ఫిల్టరు కొన్నావన్నావు, అదీ అక్కడే. ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్న గొట్టాలు పగులుతాయి, పైకి కనపడవు, నువ్వేమో వడగట్టిన నీళ్ళే అనుకుని తాగుతూ ఉంటావు. (ఇదీ బూట్ల కథే, చూశావా.)

నీ సోడాబుడ్డి అద్దాల సంగతి నువ్వు రాయనే లేదు. వెయ్యి మీటర్లకి పదిశాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, కొత్తమంచు అయితే వాటిలో 80 శాతం దాకా తిరిగి కళ్ళలోకే కొడుతుంది. ఎండలో ఏమీ అనిపించదు, కొన్ని గంటలయ్యాక కళ్ళల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. నీ పవరుతో చల్లద్దాలు చేయించుకో, నల్లదనంలో కేటగిరీ 3, పక్కల నుంచి వెలుగు రానివి. అవి రావడానికే పది రోజులు పడుతుంది, రేపే ఇచ్చెయ్.

మంకీ క్యాపు వద్దనను, ఫొటో పంపు. దాంతోపాటు మెడకి చుట్టుకునే బఫ్ ఒకటి, ముక్కు మీదకి లాక్కోడానికి. ఆ పొడిగాలీ దుమ్మూ నేరుగా పీలిస్తే అందరికీ పట్టుకునే, ఆ లోయ పేరే పెట్టిన ఖుంబు దగ్గు నీకూ తప్పదు. గొడుగు కూడా తీసుకెళ్ళు. నవ్వకు, నిజంగానే! నామ్చే కింద ఎండకీ, చిన్న వానకీ దాన్ని మించింది లేదు. పైన గాలిలో మాత్రం తెరవకు, ఆనాటిలా ఎగిరిపోతే ఈసారి తెచ్చిపెట్టడానికి నేనుండను.

సంచికి వానతొడుగు కొన్నానని నిశ్చింతగా ఉండకు. వీపు వైపు నుంచి కారే నీళ్ళని అది ఆపలేదు. లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి, బట్టలన్నీ అందులో వేసి మూతి మెలితిప్పు. చేతికర్రలు రెండు. చదునులో మోచెయ్యి తొంభై డిగ్రీలు ఉండేట్టు, ఎక్కేటప్పుడు కాస్త పొట్టి, దిగేటప్పుడు ఐదారు సెంటీమీటర్లు పొడుగు. పట్టీలోకి చెయ్యి కిందినుంచి పైకి దూర్చి పట్టుకో, అప్పుడు బరువు మణికట్టు మీద పడుతుంది, వేళ్ళు—

కింద చిన్నా హారన్ మొదలెట్టాడు. మందుల గురించి డాక్టర్ని కలువు, ఎత్తు జబ్బుకి వాడే ఆ డయమాక్స్ నీ అంతట నువ్వు వేసుకోకు. నామ్చేలో, దాని పైన డింగ్‌బోచేలో, ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడ్డానికి పెట్టిన విశ్రాంతి రోజులు ఎవడు తగ్గిద్దామన్నా ఒప్పుకోకు. చేతి తొడుగుల సంగతి అసలు రాయనే లేదు. రెండు జతలు, లోపల పల్చటివి, బయట నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండేవి, ఎందుకంటే

మళ్ళీ హారన్. సాక్సు రెండు జతలు కవరులో ఉన్నాయి, చెల్లెమ్మకి పంపిన జంతికలు వాటికింద. గోరు పరీక్ష చేసి సాయంత్రంలోగా ఫోన్ చెయ్యి, ఈసారి మూడు నిమిషాలు కాదు.

నీ,
గొడుగు